పైథాన్ వెబ్ అప్లికేషన్లకు షేర్డ్ హోస్టింగ్ ఎంపిక: ఒక చారిత్రక పరిశీలన

విషయ పరిచయం

కొబ్బరి మార్కెట్టు అనగానే కోనసీమలో ఎవరికైనా గుర్తొచ్చేది అంబాజీపేట. అక్కడి రోజువారీ ధరలను తెలుగులో చూపే ఒక చిన్న వెబ్ అప్లికేషన్‌ను రాజోలులో ఉండే డిగ్రీ విద్యార్థి ఒకడు పైథాన్‌లో రాశాడనుకుందాం. ఇది పాఠం కోసం ఊహించిన ఉదాహరణ. అయితే ఇటువంటి ప్రాజెక్టు చేసిన విద్యార్థులు మీలోనే ఉండి ఉంటారు. ఇంట్లో ల్యాప్‌టాప్ మీద ఆ అప్లికేషన్ చక్కగా నడుస్తుంది. కొత్తపేట రైతు తన ఫోనులో చూడాలంటే మాత్రం అది పగలూ రాత్రీ నడిచే ఒక సర్వరు మీద ఉండాలి. విద్యార్థి ప్రకటనలు చూస్తాడు. ఏడాదికి ఇన్ని రూపాయలు, అపరిమిత స్థలం, ఉచిత డొమైన్ పేరు. డబ్బు కట్టి ఫైళ్లు ఎక్కిస్తాడు. తీరా చూస్తే, బ్రౌజరులో ధరలకు బదులు తాను రాసిన పైథాన్ కోడు అక్షరాలా కనిపిస్తుంది. అందులో డేటాబేస్ పాస్‌వర్డు కూడా ఉంటే అదీ లోకానికి తెలిసిపోతుంది. లేదా 500 అనే అంకెతో ఒక దోష సందేశం వచ్చి ఊరుకుంటుంది.

అతను ఎంచుకున్న కంపెనీ మోసం చేయలేదు. అతని కోడులో తప్పూ లేదు. ఆ కంపెనీ సర్వరు ఒక రకం ప్రోగ్రాముల కోసం తయారైంది, అతను రాసింది మరొక రకం. ఈ తేడా నిన్న మొన్న వచ్చింది కాదు, దీనికి సుమారు ముప్పై ఏళ్ల చరిత్ర ఉంది. షేర్డ్ హోస్టింగ్‌ను ఎంచుకునేటప్పుడు చాలామంది స్థలం ఎంత, ధర ఎంత అని అడుగుతారు. పైథాన్ విషయంలో ముందుగా అడగవలసినది వేరు. నా ప్రోగ్రామును మెమరీలో ఎవరు మేలుకొలిపి ఉంచుతారు? సందర్శకులు లేని సమయంలో ఆ మెమరీ ఖర్చు ఎవరు భరిస్తారు? ఈ పాఠంలో చదవబోయే ప్రతి సాంకేతిక మార్పూ ఈ రెండు ప్రశ్నలకు ఎవరో ఒకరు ఇచ్చుకున్న జవాబే.

ఒకే యంత్రం, అనేక సైట్లు

భారతదేశంలో సాధారణ ప్రజలకు ఇంటర్నెట్ అందుబాటులోకి వచ్చింది 1995 ఆగస్టు 15న, విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా. ప్రైవేటు సంస్థలకు ఈ రంగంలో ప్రవేశం దొరికింది 1998 చివరిలో. ఆ మొదటి రోజుల్లో వెబ్‌సైటు ఉండటమే ఒక పెద్ద సంస్థ లక్షణం. దానికి ఒక సాంకేతిక కారణం కూడా ఉంది. అప్పటి వెబ్ నియమావళి ప్రకారం బ్రౌజరు ఒక సర్వరును పిలిచినప్పుడు తాను ఏ సైటు కోసం వచ్చిందో చెప్పవలసిన పని లేదు. అందువల్ల ఒక్కొక్క సైటుకు ఒక్కొక్క ప్రత్యేక ఐ.పి. చిరునామా కావలసివచ్చేది. 1997 జనవరిలో వెలువడిన హెచ్.టి.టి.పి. 1.1 నియమావళి ప్రతి రిక్వెస్ట్‌లోనూ సైటు పేరు తప్పనిసరిగా చెప్పాలని నిర్దేశించింది. ఒకే చిరునామా మీద వందలాది సైట్లను నిలపడం అప్పటినుంచి తేలికైంది. చవక షేర్డ్ హోస్టింగ్‌కు పునాది ఇదే. ఉచితంగా దొరికే లినక్స్, అపాచీ సర్వరు, వాటిని మౌసుతో నడిపించే సి-ప్యానెల్ వంటి సాధనాలు దానికి తోడయ్యాయి.

ఒకే వనరును అనేకమంది పంచుకోవడం కోనసీమకు కొత్త విషయం కాదు. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నుంచి వచ్చే మధ్య డెల్టా నీరు లొల్ల లాకుల దగ్గర చీలుతుంది. అందులో ఒక భాగం పి. గన్నవరం అక్విడక్టు మీదుగా వైనతేయ పాయను దాటి రాజోలు వైపు వెళ్తుంది. కాలువ మొదట్లో ఉన్నవారు ఎక్కువ తోడుకుంటే శివారు భూములకు నీరందదు. షేర్డ్ సర్వరులోనూ అంతే. మీ పక్క సైటువారు ప్రాసెసరునూ మెమరీనీ లాగేసుకుంటే మీ సైటు ఎండిపోతుంది. ఒక్క తేడా ఉంది. కాలువ దగ్గర ఎవరు మళ్లించుకుంటున్నారో కళ్లకు కనిపిస్తుంది. సర్వరులో మీ పొరుగువారెవరో మీకు ఎప్పటికీ తెలియదు.

ఈ పంపకాన్ని క్రమబద్ధం చేసే ప్రయత్నాలు చాలాకాలం మొక్కుబడిగానే సాగాయి. 2010లో వచ్చిన క్లౌడ్ లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం ఒక్కొక్క ఖాతాకు ప్రాసెసరు, మెమరీ, ప్రాసెస్‌ల సంఖ్య ఇంతవరకే అని గట్టి గీత గీసింది. ఆ గీత దాటిన సైటు 508 అనే అంకెతో వనరుల పరిమితి ముగిసిందని చెబుతుంది. ప్రకటనలోని 'అపరిమితం' అన్న మాట డిస్కు స్థలానికే వర్తిస్తుందని, మెమరీకి కాదని విద్యార్థులు ఇక్కడ గమనించాలి.

పుట్టి పోయే ప్రోగ్రాము, కూర్చుని ఉండే ప్రోగ్రాము

వెబ్ సర్వరు ఒక ప్రోగ్రామును నడిపించి, అది ఇచ్చిన జవాబును బ్రౌజరుకు అందించే పద్ధతికి మొదటి రూపం సి.జి.ఐ. ఇది 1993లో అమెరికాలోని ఎన్.సి.ఎస్.ఎ. అనే కేంద్రంలో రూపొందింది. ఇందులో ప్రతి రిక్వెస్ట్‌కూ ప్రోగ్రాము కొత్తగా పుడుతుంది, జవాబు చెబుతుంది, పోతుంది. ఈ పద్ధతిలో పైథాన్‌ను కూడా వాడేవారు. 1991లో గైడో వాన్ రోసమ్ ఆమ్‌స్టర్‌డామ్‌లో విడుదల చేసిన ఈ భాష 90ల మధ్యకు వెబ్ పనికి బాగా పనికొస్తుందని తేలింది. అయితే ప్రతి రిక్వెస్ట్‌కూ పైథాన్ ఇంటర్‌ప్రెటరు లేవాలి, కావలసిన మాడ్యూళ్లన్నిటినీ దిగుమతి చేసుకోవాలి. చిన్న స్క్రిప్టుకు అది పెద్ద భారం కాదు. జాంగో వంటి పెద్ద ఫ్రేమ్‌వర్కును ప్రతిసారీ మొదటినుంచి లేపితే అర సెకనో సెకనో దానికే పోతుంది.

1995లో రాస్మస్ లెర్డార్ఫ్ విడుదల చేసిన పి.హెచ్.పి. వేరే దారి పట్టింది. దాని ఇంటర్‌ప్రెటరు అపాచీ లోపలే సిద్ధంగా కూర్చుంటుంది. కాని వినియోగదారు రాసిన పేజీ మాత్రం రిక్వెస్ట్ వచ్చినప్పుడు పుట్టి, జవాబు వెళ్లగానే పోతుంది. ఎవరూ చూడని సైటు ఒక్క బైటు మెమరీని కూడా పట్టుకుని కూర్చోదు. హోస్టింగ్ కంపెనీకి ఇంతకన్నా కావలసినదేముంది? వెయ్యి ఖాతాలు అమ్మినా, ఒక క్షణంలో చురుకుగా ఉండేవి పదో ఇరవయ్యో. పి.హెచ్.పి. విజయానికి భాష గొప్పదనమే కారణమని కొందరు, తేలికదనమే కారణమని కొందరు రాశారు. నా ఉద్దేశంలో అసలు కారణం ఈ లెక్కే. ఆ భాష షేర్డ్ హోస్టింగ్ వ్యాపారానికి కొలతలు తీసి కుట్టిన చొక్కాలా సరిపోయింది.

పైథాన్ స్వభావం ఇందుకు భిన్నం. పైథాన్ వెబ్ అప్లికేషన్ ఒకసారి లేస్తే మాడ్యూళ్లు, అమరికలు, డేటాబేస్ అనుసంధానాలు అన్నీ మెమరీలో పెట్టుకుని రిక్వెస్ట్‌ల కోసం కూర్చుంటుంది. అందుకే వేగంగా జవాబిస్తుంది, అందుకే కూర్చున్నంతసేపూ చోటు ఆక్రమిస్తుంది. 1998లో ఓపెన్ సోర్సుగా వెలువడిన జోప్ అనే పైథాన్ సర్వరు ఇలాగే పనిచేసేది. దానికి సొంత యంత్రమో, కనీసం సొంత ప్రాసెస్‌ను నడుపుకునే అనుమతో కావాలి. చవక షేర్డ్ హోస్టింగ్‌లో ఆ అనుమతి ఉండేది కాదు.

2000లో గ్రెగరీ ట్రుబెట్‌స్కోయ్ రూపొందించిన మాడ్-పైథాన్ ఈ రెంటినీ కలపడానికి ప్రయత్నించింది. పి.హెచ్.పి. లాగే పైథాన్‌ను కూడా అపాచీ లోపల కూర్చోబెట్టింది. సొంత సర్వరున్నవారికి అది వరమే. షేర్డ్ హోస్టింగ్ కంపెనీలు మాత్రం దూరంగానే ఉండిపోయాయి. కారణాన్ని ఒక లెక్కతో చూద్దాం. ఒక సర్వరు మీద 30 పైథాన్ సైట్లు ఉన్నాయనుకోండి. ఒక్కొక్క సైటు కోడుకు 20 మెగాబైట్లు. అపాచీ తన పని కోసం 20 పిల్ల ప్రాసెస్‌లను నడుపుతోంది. ఏ సైటు రిక్వెస్ట్ ఏ పిల్ల ప్రాసెస్‌కు వెళ్తుందో చెప్పలేం కనుక, కొంతసేపటికి ప్రతి పిల్ల ప్రాసెస్‌లోనూ ప్రతి సైటు కోడూ చేరుతుంది. 30ని 20తో, మళ్లీ 20తో గుణిస్తే 12,000 మెగాబైట్లు. ఆ కాలపు సర్వర్లలో ఉండే మెమరీ ఒకటి రెండు వేల మెగాబైట్లు.

మెమరీతో కథ ముగియలేదు. ఆ 30 సైట్ల కోడూ ఒకే అపాచీ వినియోగదారు పేరుతో నడుస్తుంది. అంటే ఒకరి ప్రోగ్రాము మరొకరి పాస్‌వర్డుల ఫైలును చదవగలదు. ఒకరు తమ కోడులో ఒక అక్షరం మార్చి అది అమలులోకి రావాలంటే చాలాసార్లు అపాచీనే ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. అప్పుడు మిగిలిన 29 సైట్లూ ఒక్కసారి తూలుతాయి. కంపెనీల తిరస్కారాన్ని పైథాన్ మీద చిన్నచూపు అనుకోవడం సరికాదు. వారి చోట మనం ఉన్నా అదే చేసేవాళ్లం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: ఎవరూ చూడని పి.హెచ్.పి. సైటుకూ, ఎవరూ చూడని పైథాన్ సైటుకూ సర్వరు మెమరీ విషయంలో ఉన్న తేడాను మీ సొంత మాటల్లో ఐదు వాక్యాలలో రాయండి.

333వ ప్రతిపాదన, దాని పర్యవసానం

2003 నాటికి పైథాన్‌లో వెబ్ ఫ్రేమ్‌వర్కులు చాలా ఉన్నాయి. ఒక్కొక్కటి ఒక్కొక్క సర్వరు పద్ధతికి కట్టుబడి ఉండేది. ఫ్రేమ్‌వర్కును ఎంచుకుంటే సర్వరును కూడా ఎంచుకున్నట్టే. ఆ ఏడాది డిసెంబరులో ఫిలిప్ జె. ఎబీ ఒక ప్రతిపాదన రాశారు. పైథాన్ అభివృద్ధి ప్రతిపాదనల వరుసలో దాని సంఖ్య 333. అందులోని విషయం చాలా చిన్నది. అప్లికేషన్ అంటే ఒక ఫంక్షన్. సర్వరు దానికి రెండు వస్తువులు అందిస్తుంది. ఒకటి రిక్వెస్ట్ వివరాలున్న పట్టిక, రెండోది జవాబును మొదలుపెట్టే మరో ఫంక్షన్. ఇంతే. ఈ ఒప్పందాన్ని డబ్ల్యు.ఎస్.జి.ఐ. అంటారు. ఈ ఒప్పందాన్ని పాటించే ఏ అప్లికేషన్ అయినా దాన్ని పాటించే ఏ సర్వరులోనైనా నడుస్తుంది. పైథాన్ 3కు తగినట్టు 2010లో దీన్ని 3333 సంఖ్యతో సవరించారు.

దాదాపు అదే సమయంలో, 2003లో, అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో లారెన్స్ అనే ఒక మధ్యతరహా పట్టణంలో దినపత్రిక కార్యాలయంలో పనిచేస్తున్న ఏడ్రియన్ హొలొవాటి, సైమన్ విలిసన్ తమ పని కోసం ఒక ఫ్రేమ్‌వర్కును రాసుకోవడం మొదలుపెట్టారు. ఉదయం వార్తా విభాగం అడిగింది సాయంత్రానికి వెబ్‌లో ఉండాలి. ఆ ఒత్తిడిలోంచి పుట్టినదే జాంగో. 2005 జులైలో దాన్ని బహిరంగంగా విడుదల చేశారు. ప్రపంచమంతా వాడుతున్న ఈ సాధనం మహానగరంలోని పెద్ద కంపెనీలో కాక ఒక ఊరి పత్రిక అవసరం నుంచి వచ్చిందన్నది అమలాపురంలో చదువుకునేవారు గుర్తుపెట్టుకోదగిన విషయం. జాంగో ఆదరణ పెరిగేకొద్దీ, దాన్ని చవకగా ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వేలమందిది అయింది.

జవాబు 2007లో వచ్చింది. ఆస్ట్రేలియాకు చెందిన గ్రహమ్ డంపుల్టన్ మాడ్-డబ్ల్యు.ఎస్.జి.ఐ.ని విడుదల చేశారు. దీనిలోని డెమన్ పద్ధతిలో ఒక్కొక్క వినియోగదారు అప్లికేషన్ అపాచీకి బయట, విడి ప్రాసెస్‌లో, ఆ వినియోగదారు పేరుతోనే నడుస్తుంది. ఒకరి ఫైళ్లు మరొకరికి చిక్కవు. కోడు మారినప్పుడు ఒక ఫైలు తేదీని తాకితే చాలు, ఆ ఒక్క అప్లికేషనే మళ్లీ మొదలవుతుంది. పైన చూసిన 12,000 మెగాబైట్ల లెక్క కూడా మారింది. సైటుకు రెండు ప్రాసెస్‌ల చొప్పున 30 సైట్లకు 60 ప్రాసెస్‌లు, ఒక్కొక్కటి 20 మెగాబైట్లు, మొత్తం 1,200. పదో వంతు. మాడ్-పైథాన్ క్రమంగా మూలపడి, 2010లో అపాచీ సంస్థ దాన్ని విరమించింది.

2008లో రూబీ భాష కోసం వచ్చిన పాసెంజర్ అనే సాధనం తర్వాత పైథాన్‌కూ పనికొచ్చింది. ఇవాళ సి-ప్యానెల్ ఉన్న అనేక హోస్టింగ్ ఖాతాలలో పైథాన్ అప్లికేషన్‌ను అమర్చే బొత్తాము వెనుక ఉండేది ఇదే. దీని ఉపాయం తెలివైనది. కొంతసేపు రిక్వెస్ట్ రాకపోతే అప్లికేషన్‌ను నిద్రపుచ్చుతుంది. ప్రత్యేకంగా మార్చకపోతే ఆ గడువు 300 సెకన్లు. మళ్లీ ఎవరైనా వస్తే లేపుతుంది. పైథాన్‌ను కొంతవరకు పి.హెచ్.పి. లాగా ప్రవర్తింపజేసి కంపెనీ మెమరీని మిగుల్చుకుంటుందన్నమాట. ఆ పొదుపు ధరను మీ మొదటి సందర్శకుడు ఎదురుచూపు రూపంలో చెల్లిస్తాడు.

పైథాన్ కోసమే పెట్టిన హోస్టింగ్ సంస్థలూ ఉండేవి. చెర్రీపై అనే ఫ్రేమ్‌వర్కు రూపకర్త రెమీ డెలాన్ ప్రారంభించిన వెబ్‌ఫ్యాక్షన్‌కు పైథాన్ ప్రోగ్రామర్లలో ఎంతో మంచిపేరు ఉండేది. సొంత ప్రాసెస్‌లను నడుపుకునే వీలు, కమాండ్ లైను ప్రవేశం ఇచ్చేది. తర్వాత అది పెద్ద సంస్థల చేతుల్లోకి మారి, 2021 నాటికి కనుమరుగైంది. మంచి హోస్టు అంటే శాశ్వతమైన హోస్టు కాదు.

ఉచితంగా దొరికిన సర్వర్లు

2008 ఏప్రిల్‌లో గూగుల్ సంస్థ యాప్ ఇంజిన్‌ను ప్రకటించింది. మొదట్లో అది ఒప్పుకున్న ఏకైక భాష పైథాన్. గైడో వాన్ రోసమ్ అప్పుడు గూగుల్‌లోనే పనిచేస్తున్నారు. క్రెడిట్ కార్డు లేని విద్యార్థి కూడా తన పైథాన్ అప్లికేషన్‌ను ప్రపంచానికి చూపగలిగిన మొదటి పెద్ద అవకాశం ఇది. షరతులు మాత్రం గట్టివి. ఫైళ్లలో రాయకూడదు. సి భాషలో రాసిన మాడ్యూళ్లు పనికిరావు. మామూలు డేటాబేస్ బదులు గూగుల్ సొంత నిల్వ పద్ధతినే వాడాలి. 2011లో ధరల విధానం మారినప్పుడు, ఆ నిల్వ పద్ధతికి కట్టుబడి కోడు రాసినవారికి మరో చోటికి వెళ్లడం చాలా కష్టమైంది.

2011లో పైథాన్‌ను ఒప్పుకున్న హెరోకు మరో ఉదాహరణ. దాని ఉచిత ఖాతా అరగంట ఎవరూ రాకపోతే నిద్రపోయేది. అయినా ఒక దశాబ్దం పాటు ఎన్నో పాఠ్యపుస్తకాలు, వీడియో పాఠాలు విద్యార్థులను అక్కడికే పంపాయి. 2022 నవంబరు 28 నుంచి ఉచిత సేవ ఆగిపోయింది. పాత పాఠాలు మాత్రం వెబ్‌లో అలాగే ఉన్నాయి. మీరు చదివే వీడియో పాఠం ఏ సంవత్సరానిదో ముందు చూడాలి. లండన్‌లో మొదలై, 2022లో అనకొండ సంస్థలో చేరిన పైథాన్ ఎనీవేర్ ఇప్పటికీ నేర్చుకునేవారికి ఉచిత ఖాతా ఇస్తోంది. నిర్ణీత గడువులోపు లాగిన్ అయి పొడిగించకపోతే సైటు ఆగుతుంది. ఉచిత ఖాతాలోని ప్రోగ్రాము బయటి సైట్లన్నిటినీ చేరలేదు, అనుమతించిన జాబితాలోనివాటినే చేరగలదు. మన కొబ్బరి ధరల అప్లికేషన్ మరో వెబ్‌సైటు నుంచి ధరలను తెచ్చుకునేదైతే ఈ షరతు దగ్గరే ఆగిపోవచ్చు. ధరలను మనిషే నమోదు చేస్తే ఇబ్బంది లేదు.

వ్యాపారంతో సంబంధం లేని ఉమ్మడి సర్వరు ఒకటి తెలుగువారికి దగ్గరలోనే ఉంది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. దానిలోని వేలాది గ్రామ వ్యాసాలకు తొలి రూపం ఇచ్చింది బాట్లు అనే స్వయంచాలక ప్రోగ్రాములు. వికీ పనుల కోసం పైవికీబాట్ అనే పైథాన్ సాధనం ఉంది. ఇటువంటి ప్రోగ్రాములను స్వచ్ఛంద కార్యకర్తలు నడుపుకోవడానికి జర్మనీలోని వికీమీడియా సంఘం 2005 నుంచి టూల్‌సర్వర్ అనే ఉమ్మడి సర్వరును నిర్వహించింది. 2014లో అది మూతపడి, వికీమీడియా ఫౌండేషన్ నడిపే కొత్త వ్యవస్థ దాని స్థానంలో నిలిచింది. దాన్నే ఇప్పుడు టూల్‌ఫోర్జ్ అంటున్నాం. పైథాన్ వెబ్ అప్లికేషన్లను అక్కడ ఉచితంగా పెట్టుకోవచ్చు. అయితే అవి వికీమీడియా ప్రాజెక్టులకు ఉపయోగపడాలి, వాటి కోడు బహిరంగ లైసెన్సుతో ఉండాలి. కోనసీమ గ్రామాల ఫొటోలు లేని వ్యాసాల జాబితా చూపే సాధనం రాస్తే అక్కడ చోటు దొరుకుతుంది. కొబ్బరి ధరలకు దొరకదు. ఈ సర్వరు చరిత్రలోనూ రెండు పెద్ద తరలింపులు జరిగాయి, 2014లో ఒకటి, పాత పద్ధతిని ఆపివేసిన 2024లో మరొకటి. రెండుసార్లూ పట్టించుకునే మనిషి లేని సాధనాలు వెనుకబడి ఆగిపోయాయి. డబ్బు ప్రసక్తి లేని చోట కూడా ప్రోగ్రామును మేలుకొలిపి ఉంచేది ఒక మనిషే.

కోనసీమ నుంచి ఎంపిక

ఈ నేపథ్యంతో మళ్లీ రాజోలు విద్యార్థి దగ్గరికి వద్దాం. అతను కంపెనీని అడగవలసిన మొదటి విషయం మెమరీ. చిన్న జాంగో అప్లికేషన్ ఒక ప్రాసెస్‌కు 50 నుంచి 100 మెగాబైట్లు తీసుకోవడం మామూలే. రెండు ప్రాసెస్‌లు, పైన రోజువారీ పనికి మరొకటి అనుకుంటే 300. ఖాతాకు 512 మెగాబైట్లు ఇస్తే నడుస్తుంది. 256 అయితే జాంగో బదులు ఫ్లాస్క్ వంటి తేలికైన ఫ్రేమ్‌వర్కు గురించి ఆలోచించాలి. ఈ అంకె చెప్పని కంపెనీని పక్కన పెట్టడమే మంచిది.

రెండోది పైథాన్ సంచిక. పైథాన్ 2కు 2020 జనవరి 1తో మద్దతు ముగిసింది. 'పైథాన్ ఉంది' అని మాత్రమే రాసిన చోట ఏ సంచికో అడిగి తీరాలి. తెలుగులో రాసే మనకు ఇది మరీ ముఖ్యం. యూనికోడ్‌లో ప్రతి తెలుగు సంకేతానికి యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో మూడు బైట్లు పడతాయి. 'అమలాపురం' అన్న మాటలో ఎనిమిది సంకేతాలు, అంటే 24 బైట్లు. పైథాన్ 2 ఇటువంటి పాఠాన్ని ఇంగ్లీషు అక్షరాల పద్ధతిలో చదవబోయి తరచు దోషంతో ఆగిపోయేది. పైథాన్ 3 ఉన్నా, సర్వరు భాషా అమరిక పాతదైతే తెలుగు పేరున్న ఫైలును తెరవడంలో అదే చిక్కు రావచ్చు. ఖాతా తీసుకున్న రోజే తెలుగు పేరుతో ఒక ఫైలు సృష్టించి, తెలుగు వాక్యం రాసి, తిరిగి చదివి చూడాలి. ఐదు నిమిషాల పని.

సర్వరు ఎక్కడ ఉందన్నది తర్వాతి ప్రశ్న. గాజు తీగలో కాంతి వేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. అమెరికా తూర్పు తీరం అమలాపురానికి 13,000 కిలోమీటర్ల పైమాటే. పోయిరావడానికి తీగ తిన్నగా ఉన్నా 130 మిల్లీసెకన్లు, వాస్తవంలో అంతకన్నా చాలా ఎక్కువ. సురక్షిత అనుసంధానంతో పేజీ తెరవడానికి ఇటువంటి రాకపోకలు మూడు నాలుగు అవసరం. అంటే కోడు ఎంత బాగున్నా సెకను దరిదాపు ప్రయాణానికే. ముంబయి వెయ్యి కిలోమీటర్లే. హైదరాబాదు ఇంకా దగ్గర. 2022 నవంబరు నుంచి అమెజాన్ సంస్థ క్లౌడ్ కేంద్రం కూడా అక్కడ ఉంది. చూసేవారందరూ కోనసీమవారే అయితే సర్వరు భారతదేశంలో ఉండటం మంచిది. చూసేవారిలో గల్ఫ్ దేశాలలోని మన ఊరివారు ఎక్కువైనా ముంబయి దూరం కాదు.

డబ్బు కట్టే పద్ధతిని కూడా ముందే చూసుకోవాలి. కార్డునుంచి నెలనెలా దానంతట అదే జరిగే చెల్లింపులకు రిజర్వు బ్యాంకు నిబంధనలు 2021 అక్టోబరు 1 నుంచి కట్టుదిట్టమయ్యాయి. విదేశీ సేవలకు అప్పటివరకు సాగిన చెల్లింపులు చాలామందికి తిరస్కరణకు గురయ్యాయి. బిల్లు కట్టలేదని సైటు ఆగిపోతే, తప్పు ఎవరిదైనా, చూసేవారికి కనిపించేది ఖాళీ పేజీ.

సర్వరు దూరాన ఉంటే ఒక మేలూ ఉంది, ఒక చిక్కూ ఉంది. 2022 మే 24న అమలాపురంలో జరిగిన అల్లర్ల తర్వాత కోనసీమలో ఇంటర్నెట్ సేవలను చాలా రోజులు నిలిపివేశారు. ఇంటినుంచి పనిచేస్తున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు సిగ్నలు కోసం పొరుగు ప్రాంతాలకు వెళ్లవలసి వచ్చింది. అటువంటి రోజుల్లో కొబ్బరి ధరల సైటు రాజోలులోని ఇంటి కంప్యూటరు మీద ఉంటే ప్రపంచానికే కనిపించదు. ముంబయి సర్వరు మీద ఉంటే మద్రాసులోని వ్యాపారికి కనిపిస్తుంది, అంబాజీపేట రైతుకు కనిపించదు. పైగా ధరలు నమోదు చేసే విద్యార్థి కూడా కోనసీమలోనే ఉంటాడు కనుక, మద్రాసు వ్యాపారికి కనిపించేవి పాత ధరలు. సర్వరు మేలుకునే ఉంది, దానికి చెప్పే మనిషి లేడు. ఇందుకే రెండో వ్యక్తికి, వీలైతే జిల్లా బయట ఉండే స్నేహితుడికి, నమోదు చేసే అనుమతి ఇచ్చి ఉంచాలి. కొన్ని చవక ఖాతాలు ఒక్క లాగిన్ మాత్రమే ఇస్తాయి. అటువంటప్పుడు ఈ ఏర్పాటును అప్లికేషన్ లోపలే రాసుకోవాలి.

వదిలి వెళ్లే దారి గురించి కూడా డబ్బు కట్టకముందే అడగాలి. యాప్ ఇంజిన్, వెబ్‌ఫ్యాక్షన్, హెరోకు, టూల్‌సర్వర్ అనుభవాలన్నిటిలోనూ సామాను సర్దుకుని బయటపడగలిగినవారి దగ్గర మూడు వస్తువులు ఉండేవి. డబ్ల్యు.ఎస్.జి.ఐ. ఒప్పందాన్ని పాటించే కోడు, వాడిన మాడ్యూళ్ల పేర్లూ సంచికలూ రాసిన ఒక ఫైలు, డేటాబేస్ మొత్తం ప్రతి. మూడోదాన్ని కంపెనీ సర్వరు మీదే దాచుకుంటే ప్రయోజనం లేదు, వారానికొకసారి ఇంటికి దించుకోవాలి. కమాండ్ లైను ప్రవేశం ఇవ్వని ఖాతాలో ఈ పని చేతితో చేసుకోవడం విసుగు. ఆ విసుగుతోనే చాలామంది మానేస్తారు. కనుక ఆ ప్రవేశానికి నెలకు కొద్దిగా ఎక్కువ కట్టవలసి వచ్చినా కట్టవచ్చు.

ఏడాది చందా తగ్గింపుకు ఆశపడకుండా మొదట ఒక నెలకే తీసుకోవాలి. అప్లికేషన్‌ను ఎక్కించి, రాత్రి ముట్టుకోకుండా వదిలి, ఉదయం ఫోనులో తెరవాలి. మొదటిసారి పేజీ రావడానికి పట్టిన సెకన్లను, వెంటనే మళ్లీ తెరిస్తే పట్టిన సెకన్లను పక్కపక్కన రాసుకోవాలి. వరుసగా ఏడు రోజులు ఇలా చేయాలి. మొదటి అంకె పదీ, రెండోది ఒకటీ అయితే మీ ప్రోగ్రామును రాత్రంతా నిద్రపుచ్చుతున్నారని అర్థం. రెండు అంకెలూ రోజుకొక తీరుగా ఎగుడుదిగుడుగా ఉంటే పొరుగు సైట్లు మీ వాటా తోడుకుంటున్నాయేమో అనుమానించాలి. ఆ కాగితాన్ని చూసుకున్నాకే ఏడాది డబ్బు కట్టాలి.